జరా జరగండి

మొన్న మా అమ్మాయి ఫోనుతో నా ఫొటో తీసి, వెనకున్న వంటింటి సామానంతా మసక చేసి చూపించింది. వేలితో ఒక్క నొక్కు, అంతే. నాకు ఒళ్ళు మండింది. ఆ మసకతో నేను మా పెద్దమ్మ వాళ్ళ ఊరు మాయాబందర్‌లో ఒక పూటంతా పడ్డ పాట్లు దానికేం తెలుసు?

అప్పటికి నేను కెమెరా పట్టి ఏడాది కూడా కాలేదు. ఆస్టినాబాద్‌లో మా వీధి కుక్కలు కూడా కెమెరా చూస్తే లేచి వెళ్ళిపోయేవి. అయినా పట్టు వదలక ఒక యాభై ఎం.ఎం. లెన్స్ కొన్నాను. దానికి జూమ్ ఉండదు, దగ్గరగా కావాలంటే మనమే నడవాలి. కానీ చీకటి గదిలో కూడా ఫ్లాష్ లేకుండా ఫొటో వస్తుంది. నాకు కావలసింది అదే. మా పెద్దమ్మకి ఫ్లాష్ వెలిగితే చాలు, కళ్ళు మూతపడతాయి. ఎండలో నిలబెట్టినా అంతే. పెళ్ళి ఫొటో మొదలుకుని ఏ ఫొటోలోనూ ఆవిడ కళ్ళు తెరిచి లేదు. "పోయాక గోడకి తగిలించడానికైనా కళ్ళున్న ఫొటో ఒకటి తియ్యవే, ఆయనతో కలిపి" అని అడిగింది. తీసే తీరతానని మాటిచ్చి బస్సెక్కాను.

వెళ్ళిన రోజు వాన దంచుతోంది. పెదనాన్న వరండాలో బల్ల మధ్యన దర్జాగా కూర్చున్నారు. పెద్దమ్మ అలవాటు ప్రకారం ఆయన వెనక, గుమ్మంలో నిలబడింది. చీకట్లోనూ తీసే ఇలాంటిదాన్ని ఫాస్ట్ లెన్స్ అంటారని నేను గొప్పలు పోతే, అయితే గబుక్కున తీసెయ్యమంది పెద్దమ్మ, పొయ్యి మీద చేపల పులుసు ఉందట. తీశాను. పెదనాన్న మీసంలో ప్రతి వెంట్రుకా కనిపిస్తోంది, పెద్దమ్మ మాత్రం మంచులో కలిసిపోయింది. ఆవిడ మీద ఫోకస్ పెడితే ఆయన కరిగిపోయారు. మొదటి ఫొటోని కెమెరా వెనక తెర మీద చూసుకుని పెద్దమ్మ చిన్నబోయింది.

"ఇందులోనూ నేను లేనేటే?" అంది.

ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. పులుసు మాడినా సరే, ఇవాళ తియ్యందే కదలననుకున్నాను. అటు జరిగాను, ఇటు జరిగాను, మెట్లు దిగి వానలో తడిశాను. ఇద్దరూ స్పష్టంగా రావాలని లెన్స్ కన్ను చిన్నది చేద్దామంటే ఆ చీకట్లో బొమ్మ చెదిరిపోతోంది. కన్ను పూర్తిగా తెరిస్తే కెమెరాకి ఒకే దూరంలో ఉన్నవాళ్ళే స్పష్టంగా వస్తారని ఆఖరికి నా బుర్రకెక్కింది. పెద్దమ్మని పక్కన కూర్చోబెట్టుకోమన్నాను. పెదనాన్న ససేమిరా అన్నారు. ఆయన కూర్చుంటే ఆవిడ వెనక నిలబడడం ఆ ఇంటి పద్ధతి, పెళ్ళిలోనూ అలాగే తీశారట. ఛోడ్ దో, వదిలెయ్, ఎండొచ్చాక చూద్దాం అని లేవబోయారు.

పెద్దమ్మ లోపలికి వెళ్ళింది. కోపం వచ్చిందనుకున్నాను. పొయ్యి ఆర్పేసి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి బల్ల ముందు నిలబడింది.

"జరా జరగండి" అంది.

కొంచెమనే హిందీ ముక్క ఒకటి, తెలుగు ముక్క ఒకటి. మా దీవుల్లో బస్సులో, రేషన్ షాపులో రోజూ వినే మాటే. కానీ ఆవిడ నోట ఆయనతో ఆ మాట రావడం నేనెప్పుడూ వినలేదు. పెదనాన్న జరిగారు. పెద్దమ్మ కూర్చుంది. నేను ఊపిరి బిగబట్టి నొక్కాను.

ఫొటోలో పెద్దమ్మ కళ్ళు పెద్దవి చేసుకుని సూటిగా చూస్తోంది. పెదనాన్న కెమెరా సంగతే మరిచిపోయి ఆవిడనే చూస్తున్నారు. బల్ల మీద ఆయన జరిగింది జానెడే, ఆ జానెడు జరగడానికి వాళ్ళ కాపురంలో ముప్పాతిక వంతు కాలం పట్టింది.