అక్క కంటి నరం

ఇన్నేళ్లుగా ఒక మాట దాచుకున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కనుక మీకు చెబుతున్నాను.

తొంభైల చివర మా అక్క ఆబిడ్స్‌లో ఒక దుకాణానికి జాకెట్లు కుట్టేది. ఒకరోజు ఆమె కుడికన్ను మసకబారింది. కంటి నరం వాచిందని, ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక కణాలే ఆ నరం మీద పడ్డాయని డాక్టరు చెప్పాడు. వాటిని అణచడానికి స్టెరాయిడ్ గోలీలు రాసి, మధ్యలో ఆపొద్దన్నాడు.

నేను పదో తరగతితో బడి మానేసినవాణ్ణి. లైబ్రరీలో డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లిష్ సైన్సు పత్రికలు చదివేవాణ్ణి. అదొక గర్వం. ఆ వారమే ఒక వ్యాసం దొరికింది. దెబ్బతిన్న కంటి నరంలోకి అవే కణాలు వెళ్లి, చెత్త ఊడ్చి, పోగులు మళ్లీ పెరగడానికి సాయపడతాయట. ఎలుకల్లో చూశారట. నాంపల్లిలోని మా గదికి పరుగున వచ్చాను.

“గోలీలు బంద్ చెయ్యక్కా. నరం బాగుచేసే సిపాయిలను అవి పండబెడుతున్నయి.”

“డాక్టర్ ఆపొద్దన్నడు గదరా.”

“నేను చదివిన.”

“ఔ, డాక్టర్ నాతోని రెండు ముక్కలు మాట్లాడడు. నువ్వైతే చెవులు నొచ్చేదాక చెప్తవు,” అని నవ్వి, గోలీలు పక్కకు నెట్టింది.

ఆ కంటికి చూపు తిరిగి రాలేదు. డాక్టరు కోప్పడితే, “నోరు చేదైతుందని నేనే బంద్ చేసిన సార్” అంది. నేను పక్కనే నిలబడ్డాను. నోరు ఎందుకు పెగల్లేదు? భయమా? చదివినవాడన్న పేరు పోతుందనా? సూదిలో దారం ఎక్కించలేక కొన్నాళ్లకు ఆమె దుకాణం మానేసింది.

గోలీలు వాడినా చూపు వచ్చేదో లేదో చెప్పలేమని తర్వాత మరో డాక్టరు అన్నాడు. ఆ మాటను పట్టుకుని చాలాకాలం వేలాడాను. నమ్మి గుండెలకు హత్తుకున్న అచ్చక్షరమే నన్ను నట్టేట ముంచిందని, ఇంతకాలం చదివిన చదువంతా ఒక్క దెబ్బతో నన్ను మోసం చేసిందని లోలోపల తిట్టుకుంటూ లైబ్రరీ మెట్లెక్కడం మానేశాను.

అక్క మాత్రం, “నా సిపాయిలే నాకు దగా చేసిన్రు తమ్మీ” అంటుంది, ఇప్పటికీ.

కాదు. ఆ వ్యాసం చివర ఒక పేరా ఉంది. అవే కణాలు హద్దు మీరితే నరాన్ని పాడుచేస్తాయని, ఎప్పుడు సాయమో ఎప్పుడు హానో ఇంకా తేలలేదని, మనుషుల వైద్యానికి దీన్ని వాడొద్దని అందులో స్పష్టంగా ఉంది. నేను చూడకపోలేదు. డిక్షనరీ తిరగేసి మరీ చదివాను. చెబితే నా మాట తేలిపోతుందని అక్కకు చెప్పలేదు.