ఫోటోకి తొడిగిన బూట్లు

దరఖాస్తులో ఫోటోల అంశం చూడడానికి చాలా చిన్నది. "ప్రస్తుత పరిస్థితిని తెలిపే ఫోటోలు జతచేయాలి" అని ఒకే ఒక్క వాక్యం. లక్ష్యాలు, లబ్ధిదారులు, స్థానికుల భాగస్వామ్యం అంటూ మిగతావాటికి పేజీలకు పేజీలు రాయాలి కాబట్టి, దీని సంగతి ఆఖర్న చూసుకుందాంలే అనుకున్నాను. తీరా నేను ఆగిపోయింది దాని దగ్గరే.

పోయిన సెప్టెంబరు నాటి మాట. మా ఆయనది దేవరాపల్లి మండలాఫీసులో గుమాస్తా ఉద్యోగం, కాపురం చోడవరంలో. నాకు బి.ఎ. చదువు, టైపు లోయరు, నాలుగేళ్ల కూతురు. కూతుర్ని ఆఖర్న రాశాను గానీ నా బుర్రలో అన్నిటికన్నా ముందుండేది అదే. నిద్రలో కాస్త గట్టిగా ఊపిరి పీలిస్తే లేచి కూర్చుంటాను. కిరసనాయిలు స్టవ్వు నేలమీంచి ఎత్తి పెట్టడానికి గట్టు కట్టించేదాకా మా ఆయన్ని కుదురుగా కూర్చోనివ్వలేదు. నుయ్యి, వీధిలో సైకిళ్లు, ఎదురింటి కుక్క, ఏది చూసినా అందులో మా అమ్మాయికి జరగబోయేదేదో నాకు ముందే కనిపిస్తుంది. అందుకే ఏదైనా రాసుకోవాలంటే అది నిద్రపోయాకే. ఇదీ అలాగే రాస్తున్నాను.

మా వీధి చివర, చర్చి పక్కింట్లో, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన టీచరుగారొకరు ఉంటారు. పదిమంది ఆడవాళ్లని పోగేసి సంఘం పెట్టి, రిజిస్టరు చేయించారు. మద్రాసులో ఒక సంస్థ పల్లెల్లో చిన్నపిల్లల కోసం సాయం చేస్తుందని తెలిసి దరఖాస్తు తెప్పించారు. ఇంగ్లీషులో రాసి టైపు చేసే పని నాకు అప్పజెప్పారు. కె.కోటపాడు రోడ్డులో ఊరు దాటాక ఉన్న కాలనీలో చెరుకు పనికెళ్లే తల్లుల పిల్లలకి ఒక పాక వెయ్యాలి, చూసుకోవడానికి ఇద్దరు మనుషుల్ని పెట్టాలి, మధ్యాహ్నం తిండి పెట్టాలి. దరఖాస్తులో శిశు సంరక్షణ కేంద్రం అని రాశాం. కాలనీలో ఆడవాళ్లు మాత్రం మొదటినుంచీ పిల్లల పాక అనే అన్నారు.

ఆ పాక ఎందుకు కావాలో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ కాలనీలో ఒకామె వానాకాలంలో పనుల్లేనప్పుడు మా వీధిలో అంట్లు తోమేది, మా ఇంట్లో కూడా. ఆమె కూతురూ మా అమ్మాయీ ఒకే ఈడు. పెరట్లో ఇద్దరూ ఆడుకునేవాళ్లు. ఆ పాప కుడికాలు పక్కకి వేసి నడుస్తుంది. అంతకు ముందు చెరుకు సీజన్లో తల్లి బెల్లం గానుగ దగ్గర పిప్పి ఎత్తుతుంటే, ఈ పిల్ల ఆడుకుంటూ పొయ్యి మూతి వైపు వెళ్లింది. పొయ్యిలోంచి లాగి పక్కన పోసిన బూడిద, పైకి చూస్తే చల్లారిపోయినట్టే ఉంటుంది. అందులో కాలు పెట్టింది. మానడానికి చాన్నాళ్లు పట్టింది. రెండు వేళ్లు కలిసిపోయాయి. చర్మం ముడతపడి మెరుస్తూ ఉంటుంది. మొదటిసారి చూసిన రోజు మా అమ్మాయి పాదాలు చేతిలో పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. మళ్లీ సీజను వచ్చేలోగా ఆ పాక లేవాలని నేనే టీచరుగారి వెంటపడ్డాను.

ఫోటోలకి స్టూడియో అతన్ని మాట్లాడాం. రేపు పొద్దున్న వస్తున్నామని టీచరుగారు కాలనీకి కబురు పంపారు. ఆ సాయంత్రం ఆ పాప తల్లి అంట్లు తోమడం అయ్యాక కూడా గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, పాప బూట్లు ఓపాలి ఇస్తావేటి? రేపు సందకాడికి తెచ్చిచ్చేస్తాను."

ఎందుకని నేనడగలేదు. మేజోళ్లతో సహా ఇచ్చాను.

పొద్దున్న వెళ్లేసరికి కాలనీ పండగలా ఉంది. వాకిళ్లన్నీ అలికి ముగ్గులు పెట్టారు. పిల్లలందరికీ తలంట్లు పోసి, నూనె రాసి, పౌడరు అద్ది, బుగ్గన చుక్కలు పెట్టారు. పెళ్లికి కొన్న చీరలు, అక్కచెల్లెళ్ల దగ్గర అడిగి తెచ్చుకున్న గొలుసులు. ఒకబ్బాయికి వాళ్ల మావయ్య వాచీ పెడితే మోచేతి దాకా జారిపోతోంది. స్టూడియో అతను కెమెరా మెళ్లో వేసుకుని కాసేపు అలా చూసి, ఇదేం పెళ్లి కాదని, పిల్లలు కనబడితే చాలని అన్నాడు. ముందు వరసలో కూర్చున్న ముసలమ్మ అతన్ని వదల్లేదు.

"పెళ్లిలో మేం ఎంగిలాకులెత్తినప్పుడు తీసేవేటి బాబూ? ఇప్పుడు తియ్యి."

అందరూ నవ్వారు, అతను కూడా. ఆ తరవాత ఇంక ఏమీ అనకుండా, పెళ్లిలో ఎలా తీస్తాడో అలాగే గడ్డాలు పట్టుకుని తలలు తిప్పుతూ, వెనకవాళ్లని ముందుకీ ముందువాళ్లని పక్కకీ జరుపుతూ ఫిల్ము రోలంతా తీశాడు. ముందు వరసలో మా అమ్మాయి తెల్లబూట్లు కనిపించాయి. వాటిల్లో ఆ పాప కదలకుండా నిలబడి ఉంది. అప్పుడు అర్థమైంది నాకు, ఆ బూట్లు ఎందుకడిగిందో.

ఫోటోలు కడిగించి టీచరుగారి బల్ల మీద పరిచాం. ఆవిడ కళ్లద్దాలు పైకి తోసుకుని ఒక్కొక్కటే చూశారు.

"ఏమ్మాయ్, వీళ్లు మనకే చందా ఇచ్చేలా ఉన్నారే."

ముందు ఇద్దరం నవ్వుకున్నాం. తరవాత ఆవిడ ఫోటోలన్నీ దగ్గరికి తీసి కట్ట కట్టేశారు. ఆవిడ ఇదివరకు వేరే పనులకి రెండుసార్లు దరఖాస్తు పెట్టారట, రెండూ వెనక్కొచ్చాయట. అక్కడ కూర్చున్నవాళ్ల ముందు ఇలాంటివి గుట్టలుగా ఉంటాయని, వాళ్లు ఫోటో చూశాకే కాగితం చదువుతారని చెప్పారు. ఈసారి చెప్పకుండా వెళ్లి, ఉన్నవాళ్లని ఉన్నట్టే తీయించమన్నారు. ఆ పాప కాలు దగ్గరగా ఒకటి తీయిస్తే నేను రాసిన పేజీలేవీ అక్కర్లేదన్నారు. ఆవిడ కఠినురాలేం కాదు. కాలు కాలిన రోజు ఆ పిల్లని రిక్షాలో ఆస్పత్రికి తీసుకెళ్లింది ఆవిడే.

తల్లిని అడిగి చెబుతానన్నాను.

అడిగితే ఆమె అంట్లు తోముతున్న చెయ్యి ఆపింది. "కాలు సూపిత్తే పాక వత్తదంటే సూపిత్తానమ్మా. నాను వద్దన్ను. కానీ ఆ పోటో ఏడుంటాది?"

మద్రాసులో, వాళ్ల ఆఫీసులో అన్నాను.

"ఎన్నాళ్లుంటాది?"

ఫైల్లో పెట్టి ఉంచేస్తారేమో అన్నాను.

"ఇది పెద్దదవుద్ది కదమ్మా. అప్పుడూ ఆడ ఇదే కాలుంటాది."

అంతే అంది. మళ్లీ గిన్నె తోముకోవడం మొదలుపెట్టింది. నిర్ణయం మాత్రం నా మీదే వదిలేసింది. వద్దని ఉంటే నాకు ఎంత తేలికయ్యేదో.

ఆ మర్నాడు టీచరుగారి ఇంటికి వెళ్లి ఆ ఫోటో తీయించనని, ఉన్న ఫోటోలే పంపుదామని చెప్పాను. ఆవిడకి కోపం వచ్చింది. ఇది సిగ్గుపడే విషయం కాదని, నిజం చూపించడంలో తప్పేముందని అడిగారు. మా అమ్మాయికి ఆటలమ్మ పోసినప్పుడు మొహాన మచ్చలు పోయేదాకా ఆగి అప్పుడు స్టూడియోకి తీసుకెళ్లానని, అది అబద్ధమని నన్నెవరూ అనలేదని చెప్పాను. ఆవిడ ఫోటోల కట్ట నా వైపు జరిపారు. తరవాత నెమ్మదిగా అన్నారు.

"సరేనమ్మా. పాక రాకపోతే? రేపు ఇంకో పిల్ల బూడిదలో కాలెడితే, నువ్వెళ్లి ఆ తల్లికేం చెబుతావు?"

ఆ ప్రశ్న నేను అప్పటికే వేసుకున్నాను. ప్రతి చిన్నదానికీ భయపడే మనిషిని, ఇంత పెద్దదాన్ని నెత్తిన పెట్టుకున్నాను. ఇంటికొచ్చాక కూడా అదే. మా అమ్మాయికి అన్నం కలుపుతూ ఉప్పు రెండుసార్లు వేశాను. అయినా, ఆ బూట్లు విప్పమని ఆ పాపతో చెప్పే మాట నా నోట్లోంచి వస్తుందా అని ఎన్నిసార్లు ఆలోచించుకున్నా రాదనే తేలింది. అలాంటప్పుడు ఫోటో చెయ్యాల్సిన పని నా రాత చెయ్యాలి. వేరే దారి లేదు.

అప్పటిదాకా రాసినదంతా పక్కన పెట్టేశాను. "గ్రామీణ శ్రామిక మహిళల స్థితిగతులు" అంటూ పెద్ద పెద్ద మాటలతో రాసుకున్నాను, అవి తీసేశాను. తల్లి తెల్లారకుండా బయల్దేరినప్పుడు పిల్ల ఎక్కడుంటుంది, చెరుకాకుల మీద పడుకోబెట్టిన చంటిదాని మీద ఎండ తిరిగితే ఎవరు జరుపుతారు, పెనంలో పాకం పొంగుతుంటే ఎంత దూరంలో పిల్లలు ఆడుతుంటారు, చల్లారినట్టు కనిపించే బూడిద ఎక్కడ పోస్తారు, ఇవే రాశాను. ఆ పాపకి జరిగినది రాయొచ్చా అని ఆమెని మళ్లీ అడిగాను.

"రాసుకో అమ్మా. పేరెట్టకు." కాస్త ఆగి, "ఊరి పేరెట్టుకో, ఊరికేటవుద్ది" అంది.

టైపు ఇనిస్టిట్యూట్‌లో మధ్యాహ్నం పూట మిషను ఖాళీగా ఉంటుంది. మా అమ్మాయిని పక్కన బల్ల మీద కూర్చోబెట్టుకుని, కరెంటు పోయినా కిటికీ వెలుతురులో టైపు కొట్టాను. టీచరుగారు మొత్తం చదివారు. ఒకచోట ఆగి, వెనక్కి వెళ్లి మళ్లీ చదివారు. సంతకం పెట్టి, వెనక్కొస్తే మాత్రం కాలనీకి వెళ్లి చెప్పేది నువ్వే సుమా అన్నారు. ఒప్పుకున్నాను. రిజిస్టరు పోస్టులో పంపేశాం.

అక్టోబరంతా పోస్టుమాన్ సైకిలు గంట వినబడితే చాలు గుమ్మంలోకి వచ్చేదాన్ని. చివరికి వచ్చింది గానీ మంజూరు కాదు, ప్రశ్న. దరఖాస్తులోని వివరాలకీ ఫోటోలకీ పొంతన కుదరలేదని, పిల్లలు మంచి బట్టల్లో ఉన్నారని, ఒక పాప బూట్లు, మేజోళ్లు కూడా వేసుకుందని, వీరు నిజంగా అవసరంలో ఉన్న కుటుంబాలేనా అని అడిగారు.

టీచరుగారు ఉత్తరం నా చేతికిచ్చారు. నేను చెప్పలేదా అని ఒక్కసారి కూడా అనలేదు, అదే నాకు కష్టంగా తోచింది. కాలనీలో అప్పుడే చెరుకు పనికి మాటలు నడుస్తున్నాయి. ఈసారి గానుగకి పిల్లని ఎత్తుకునే వెళ్లాలేమో అని ఆ పాప తల్లి అంది కూడా.

ఆ ఉత్తరానికి జవాబు రాయడానికి ఎక్కువసేపు పట్టలేదు. కోపంలో రాశాను కాబోలు, చేతిరాత కూడా పెద్దదైపోయింది. ఆ బూట్లు మా అమ్మాయివని రాశాను. ముందురోజు సాయంత్రం మా ఇంట్లో అంట్లు తోమి, ఆ తల్లి అవి అడిగి తీసుకెళ్లిందని రాశాను. దరఖాస్తులో నేను చెప్పిన కాలిన కాలు ఆ కుడి బూటులోనే ఉందని రాశాను. ఫోటో తీస్తారంటే ఈ తల్లులు ఉన్నవి కట్టుకుని, లేనివి అరువు తెచ్చుకుని నిలబడ్డారని, మీ పిల్లల ఫోటోకి మీరైనా అదే చేస్తారని రాశాను. బూటు విప్పి తీసిన ఫోటో మేము పంపబోమని, కావాలంటే మీలో ఒకరు వచ్చి గానుగ దగ్గర ఒక పూట నిలబడి చూడవచ్చని రాశాను. బూట్ల సంగతి రాస్తున్నానని ఆమెకి ముందే చెప్పాను. పోన్లే అమ్మా, దొంగతనం సెయ్యలేదు కదా అంది.

టీచరుగారు చదివి కళ్లద్దాలు తీశారు. "ఇదేదో మొదటిసారే రాసి ఏడవొచ్చు కదే" అని సంతకం పెట్టారు.

వాళ్లెవరూ రాలేదు. మంజూరు వచ్చింది, ఒక్క సీజనుకి. మళ్లీ ఏడాదికి ఇచ్చేదీ లేనిదీ నివేదిక చూశాక చెబుతారట. గానుగలకి కాస్త దూరంలో, గాలి వాటం చూసుకుని తాటాకు పాక వేశారు కాలనీ మగవాళ్లు. చీరల ఉయ్యాలలు కట్టారు. పెళ్లిలో ఎంగిలాకుల మాట అన్న ముసలమ్మనే పిల్లల్ని చూడ్డానికి పెట్టాం. మధ్యాహ్నం తల్లులు మసి చేతులు కడుక్కుని పాలివ్వడానికి వచ్చి వెళ్లేవారు. నేను లెక్కలు చూడ్డానికి వెళ్లిన రోజుల్లో మా అమ్మాయి కూడా అక్కడే. మొదటి రోజు తలుపు దగ్గరే నిలబడి దాన్ని కాపలా కాశాను. ముసలమ్మ నన్ను చూసి, నీకూ ఓ ఉయ్యాల కట్టమంటావేటమ్మా అంది.

సీజను అయిపోయింది. మొన్న నివేదిక రాయడానికి కూర్చుంటే అందులోనూ అదే వాక్యం, ఫోటోలు జతచేయాలి. ఈసారి సీజను ఆఖరి వారంలోనే, తల్లులంతా పొలాల్లో ఉండగా, స్టూడియో అతను పాకకి వెళ్లి తీసి ఉంచాడు. పిల్లల్ని ముస్తాబు చేసేవాళ్లు ఎవరూ లేరు. ముక్కులు కారుతూ, జుట్టు రేగి, చాపల మీద ఉప్మా తింటూ ఉన్నవాళ్లు ఉన్నట్టే పడ్డారు. ఒక దాంట్లో ఆ పాప మా అమ్మాయి పక్కన కాళ్లు బారజాపి కూర్చుని, నోటినిండా ఉప్మాతో నవ్వుతోంది. కుడి పాదం సరిగ్గా కెమెరా ముందుంది.

ఆ ఫోటో తీసి పక్కన పెట్టాను. మిగతావి చాలు. అయినా తల్లికి చూపించకుండా ఉండలేకపోయాను, ఈ సాయంత్రం గుమ్మంలో కూర్చోబెట్టి ఇచ్చాను. చేతులు కొంగుకి తుడుచుకుని తీసుకుంది. చాలాసేపు చూసింది. కాలి మీద వేలు పెట్టి, మళ్లీ మొహం మీద పెట్టింది.

"నవ్వుతంది సూడు, ఎంత నోరు తెరిసిందో." ఫోటో నా చేతికి ఇచ్చింది. "ఇదెట్టమ్మా. ఇదెన్నాళ్లున్నా పర్లేదు."

తనకీ ఒకటి కావాలంది, గోడకి అంటించుకోవడానికి. ఇంకో ప్రింటు తీయించాలి. ఇప్పుడే ఆ ఫోటో నివేదికలో మొదటి పేజీకి గుచ్చాను. రేపు పొద్దున్న పోస్టాఫీసు తెరవగానే పంపేస్తాను. వచ్చే సీజనుకి వాళ్లు ఇవ్వకపోతే ఇంకొకళ్లని అడుగుతాను, ఆ దరఖాస్తు కూడా నేనే టైపు కొడతాను.