జూమర్ కింద బతుకమ్మ

నాకు ఇంట్లోనే అక్షరాలు దిద్దించిన మేనత్త దేన్నయినా నెత్తితోనే కొలిచేది. తెలంగాణ ఉద్యమం రోజుల్లో కొత్తింటి ముందు హాలుకు గాజు దీపాల జూమర్ కొందామని కోరుట్ల దుకాణానికి వెళ్లాం. అత్త జూమర్లను మా ఇంటి కప్పు ఎత్తుకు వేలాడదీయించి, నెత్తిన తాంబాళం, దాని మీద గంప బోర్లించుకొని ఒక్కోదాని కింద నడిచింది.

"ఏందమ్మా గిది?" అన్నాడు దుకాణదారు.

"మా బతుకమ్మ తల వంచకుంట గడప దాటాలె భాయ్."

తగలనిదే కొన్నది. పండుగనాటికి సమ్మెతో కరెంటు పోయింది. ఊరంతా బతుకమ్మలతో రోడ్డెక్కుతోందని అత్త ఇంకో జానెడు ఎక్కువ పేర్చింది. హాలు దాటేసరికి పైవరుస పూలన్నీ జూమర్‌కు చిక్కాయి. నేను తీయబోతే ఆపింది.

"కరెంటు ఎట్లాగు లేకపాయె, పూలన్న ఉండనియ్యి బిడ్డా."

ఆ సాయంత్రం నూనెదీపం జూమర్ కిందే పెట్టి దండం పెట్టుకున్నాను.