బొట్టు పెట్టిన డబ్బా

మొన్న ఆదివారం మా అక్క ఫోన్ చేసి అరగంట సేపు వాపోయింది. వాళ్ల మనవడు కొత్తగా కొన్న కారుకు దారిలో ఎక్కడో డీజిల్ పోయించుకున్నాడట, అందులో నీళ్లు కలిశాయట, క్యాతగానచెర్లు దగ్గర సోలార్ పలకల మధ్య బండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోతే, బెంగళూరు నుంచి పెద్ద లారీ వచ్చి దాన్ని వీపున ఎక్కించుకుని పోయిందట. బాధ చెప్పుకుంటూనే ఆ కారు పైకప్పు దానంతటదే తెరుచుకుంటుందనీ, సీటు దానంతటదే వెచ్చబడుతుందనీ రెండుసార్లు చెప్పింది. మా పావగడ ఎండలకు సీటు వెచ్చబడడం ఎందుకో నేను అడగలేదు గానీ, ఫోన్ పెట్టేశాక కడుపులో ఎక్కడో చిన్నగా మండింది. డెబ్బై దాటాయి, మోకాళ్లు అరిగాయి, పళ్లు సగం పోయాయి, ఈ మంట ఒక్కటే చెక్కుచెదరకుండా ఉంది. దీన్ని నేను గుర్తుపట్టకపోవడమేమిటి, నలభై ఏళ్ల నుంచి నాతో కాపురం చేస్తున్నదేగా.

నా వయసు వాళ్లకు ఆ కరువు రోజులు చెప్పనక్కర్లేదు. వేరుశనగ విత్తి ఆకాశం వైపు చూడడం, ఊడలు మట్టిలోకి దిగే వేళకు వాన మొహం చాటేయడం, పీకిన చెట్టుకు నాలుగు కాయలుంటే నలుగురికీ చూపించుకోవడం. మా ఆయన ఆయిలింజన్లు రిపేరు చేసేవారు. బావుల్లో నీళ్లు అడుగంటాక ఇంజన్లకు పని తగ్గింది, ఇంజన్లకు పని తగ్గాక ఆయనకూ తగ్గింది. మా బావది మాత్రం పావగడలో కాయల వ్యాపారం. కరువొచ్చినా పంటొచ్చినా ఆయన చొక్కా మల్లెపూవులా ఉండేది. ఆ చొక్కాకు జోడీగా ఒక తెల్ల డీజిల్ కారు కొన్నాడు. ఆ కారు మా ఊళ్లోకి వచ్చిందంటే కోళ్లూ పిల్లలూ ఒకేసారి పరుగెత్తేవి. అక్క అందులోంచి ముందు కాలు, తర్వాత చీర కుచ్చిళ్లు, ఆ తర్వాత మొహం దించేది. నేను గడపలో నిలబడి ఆ కుచ్చిళ్లనే చూసేదాన్ని.

అమ్మ నా దగ్గరే ఉండేది. మాకు అన్నదమ్ములు లేరు. ముద్ద కలిపి పెట్టేది నేను, తలకు నీళ్లు పోసేది నేను, రాత్రి కాళ్లు పట్టేది నేను. అమ్మ నోట వచ్చేది మాత్రం పెద్దల్లుడి కారు. పొరుగింటి ఆమె పలకరించినా కారే, గాజులమ్మే ఆమె వచ్చినా కారే. ఒక్కసారన్నా “నా చిన్న కూతురు” అని మొదలుపెడుతుందేమోనని చెవులు రిక్కించి వినేదాన్ని. నా ఎదురుచూపు వానకోసం రైతు ఎదురుచూపే అయింది.

ఆ ఏడు అమ్మ కళ్లకు శుక్లాలు ముదిరి, మనుషులు నీడల్లా కనిపించే దాకా వచ్చింది. మధుగిరిలో కంటి శిబిరం పెడుతున్నారని, మధ్యాహ్నం లోపు పేరు రాయించుకున్నవాళ్లకే ఆపరేషన్ చేస్తారని తెలిసింది. అమ్మను పొద్దున బస్సుకు నేనే తీసుకుపోవాలని వారం ముందు నుంచే సంచి సర్దుకున్నాను. రాగిరొట్టెలు కాల్చి మూటగట్టాను. ఆపరేషన్ అయి కట్టు విప్పగానే అమ్మకు మొట్టమొదట కనబడే మొహం నాదే కావాలని నా ఆశ. సిగ్గు విడిచి చెబుతున్నాను, అమ్మ చూపు మీద ప్రేమ ఎంతో, ఆ మొదటి చూపు మీద నాకు అంతే పేరాశ.

పొద్దున్నే ఇంటి ముందు హారన్ మోగింది. అక్కా బావా దిగారు, అమ్మను కారులో తీసుకుపోతామన్నారు. అమ్మ మొహం వెలిగిపోయింది. నేను సంచి అందుకుని బయల్దేరబోతే అక్క నా భుజం మీద చెయ్యి వేసి మెత్తగా అంది. “నువ్వెందుకులేమ్మే, ఇరుకైతాది. ఇంట్లో పని చూసుకో, మేం పిలుచుకోని పోతాం గదా.” ఆ చేతికున్న కొత్త గాజులు నా చెవి దగ్గర గలగలమన్నాయి. అమ్మ నన్ను రమ్మనలేదు. అప్పటికే ఆమె తడుముకుంటూ కారు తలుపు వెతుకుతోంది.

సరిగ్గా అప్పుడే బావకు డీజిల్ గుర్తొచ్చింది. పావగడ బంకులో ఆ రోజు స్టాకు లేదట, కారులో ముల్లు అడుక్కు దిగిందట. “పాపా, మీ ఆయన కాడ ఆయిలుంటాది గదా?” అన్నాడు. మా ఆయన తెల్లారకముందే బలసముద్రంలో ఎవరిదో ఇంజన్ విప్పడానికి పోయారు. ఆయన డీజిల్ డబ్బా వసారాలో ఉంటుంది. ఆయుధపూజ నాడు పానాలకూ సుత్తులకూ పెట్టినట్టే ఆ డబ్బాకూ పసుపు కుంకుమ బొట్టు పెట్టారు, అది ఇంకా చెరిగిపోలేదు. మా చేలో పనిచేసే తాతను పిలిచి, “తాతా, బొట్టు పెట్టిన డబ్బా ఉండాది, తెచ్చి పొయ్యి” అన్నాను. ఇందులో నా కుట్ర ఏమీ లేదు, ప్రమాణం చేసి చెబుతున్నాను.

అయితే ఆ వారమే మా ఇంట్లో మరో డబ్బాకు బొట్టు పడింది. ఆ ఏడు మిగిలిన కాయలన్నీ మిల్లులో ఆడిస్తే వచ్చింది ఒకే ఒక్క డబ్బా నూనె. కొత్త నూనె ఇంటికొస్తే బొట్టు పెట్టకుండా మూత తియ్యకూడదని అమ్మ పట్టుబట్టి, కనబడని కళ్లతోనే తడిమి తడిమి దానికి బొట్టు పెట్టింది. రెండూ ఒకే రకం చదరపు రేకు డబ్బాలు. ఆ బొట్టు పెట్టడం చూసిన తాత నేరుగా వంటింట్లోకి పోయి, మడ్డి ఇంకా దిగని ఆ పల్లీనూనె డబ్బా భుజాన పెట్టుకుని నా పక్క నుంచే నడిచాడు. నస్యం పీల్చి పీల్చి ఆయన ముక్కు ఎప్పుడో చచ్చింది. నా ముక్కు బాగానే ఉంది. డబ్బా అంచున ఉన్న సొట్ట కూడా నాకు తెలుసు.

నోరు తెరిచాను. అక్క లోపల కూర్చుని అమ్మ చెంగు తలుపులో పడకుండా సర్దుతోంది, ఏళ్ల తరబడి రోజూ తనే చేస్తున్నట్టు. నోరు మూసుకున్నాను. ఏడాది పొడుగునా మా ఇంట్లో తాలింపు వెయ్యాల్సిన నూనె గరాటు గుండా గుడగుడమని కారు కడుపులోకి పోతుంటే రాయిలా నిలబడి చూశాను. బావ వెనక సీటు మీద తువ్వాలు పరుస్తూ అటు చూడనే లేదు.

కారు కొంతదూరం బాగానే పోయిందట. తర్వాత తెల్లటి పొగ, బజ్జీల వాసన. దారిపక్క పల్లెలో ఎవరో పిండివంటలు చేస్తున్నారనుకుంది అక్క. ఎవరింట్లోనో కొత్త నూనె కాగుతాండాదని మురిసిపోయిందట అమ్మ. ఆ తర్వాత ఎత్తు ఎక్కలేక నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఇదిగో కదులుతుంది, అదిగో కదులుతుంది అంటూ బావ పట్టుదలకు పోయి, పక్క నుంచి పోతున్న బస్సును కూడా ఆపలేదు. మధ్యాహ్నం దాటిపోయింది.

కబురందుకుని బలసముద్రం నుంచి వచ్చిన మా ఆయన మోపెడ్ వెనక నేనూ ఎక్కాను. అమ్మ రోడ్డు వారన రాయి మీద కూర్చుని, ఒళ్లో నేను కట్టిచ్చిన రొట్టెల మూట పెట్టుకుని, శబ్దం వచ్చిన ప్రతివైపుకీ మొహం తిప్పుతోంది. మా ఆయన బానెట్ ఎత్తి ఫిల్టర్ విప్పారు. వేలు ముంచి వాసన చూశారు. నాలుక చివర పెట్టుకున్నారు. తల తిప్పి నా వైపు చూశారు, ఎక్కువసేపేమీ కాదు. తర్వాత బావతో అన్నారు. “తప్పు నాదే అన్నా. నా డబ్బాలో అడుగున మడ్డి చేరిండాది, చూసుకోలేదు.”

ఎడ్లబండికి కట్టి కారును మా వాకిట్లోకి లాక్కొచ్చాం. మూడు రోజులు అది రాళ్ల మీద నిలబడింది. ట్యాంకు దించారు, పైపులు నోటితో ఊదారు, నాజిళ్లు కిరోసిన్‌లో కడిగారు. ఊరంతా వచ్చి చూసిపోయింది. ఎవరూ లేని వేళ నేను వెనక సీట్లో ఎక్కి, అక్క కూర్చునే చోట కూర్చున్నాను, కుచ్చిళ్లు సర్దుకున్నాను. లోపలంతా నా ముక్కుకు పల్లీనూనె కంపు కొట్టింది. అంత కోరికతో ఎక్కినదాన్ని దిగేసి వంటింట్లోకి పోయి ఏడ్చాను.

మళ్లీ శిబిరం పెట్టేసరికి విత్తనం వేసే కాలం వచ్చింది. అన్ని నెలలూ అమ్మ గోడ తడుముకుంటూ నడిచింది. ఆ చెయ్యి గోడ మీద జరిగిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఈసారి బస్సులో నేనే తీసుకుపోయాను. కట్టు విప్పగానే నా మొహమే చూసింది. చూసి, “ఇంత చిక్కిపోయినావేమే?” అంది. అంతగా కోరుకున్నది దక్కింది, దాన్ని తలెత్తి అందుకోలేకపోయాను.

బావ బతికున్నన్నాళ్లూ పెళ్లిళ్లలో పదిమంది ముందూ మా ఆయన్ను ఆట పట్టించేవాడు, “మీ ఇంట్లో నీళ్లన్నా తాగుతాం గానీ ఆయిలు మాత్రం వద్దప్పా” అని. పనిలో పేరు పోతే మెకానిక్కుకు ఇంకేం మిగులుతుంది? ఆయన నవ్వి ఊరుకునేవారు. ఆ ఏడంతా నూనె లేని కూరలు తిన్నారు, డబ్బా ఏమైందని ఒక్కనాడూ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆయన పోయి ఆరేళ్లయింది.

అక్క మనవడి కారుకు ఏమైందో బెంగళూరులో వైరు తగిలించి కంప్యూటర్‌లో చూస్తున్నారట, కాగితం నిండా అచ్చేసి ఇస్తారట. అక్క మనవడి కారు చూసి నాకు కుళ్లు లేదని అననుగానీ, ఆ కాగితం చూసి మాత్రం లేదు. ఒకే ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని ట్యాంకులో ఏముందో, పెళ్లాం మనసులో ఏముందో తెలుసుకుని, రెండూ తన తప్పేనని ఒప్పుకున్న మనిషి నా ఇంట్లో ఉండేవాడు. అక్కకు ఇన్ని కార్లు వచ్చాయి గానీ, ఆ భాగ్యం రాలేదు.