టీ తాగని ఆవిడ

ఆ సాయంత్రం ఆస్పత్రి డ్యూటీ దిగి నేరుగా సౌదీలోని దమ్మాం బస్టాండుకి వచ్చాను. కాళ్ళు నావి కావనిపిస్తున్నాయి. వెయిటింగ్ హాల్లో ఏసీ ఎముకలు కొరికేస్తోంది. పక్క కుర్చీలో ఒకావిడ, ఆవిడ చుట్టూ ఐదుగురు పిల్లలు. మాట వింటే గోదావరి యాస. రెండు టీలు తెచ్చి ఒకటి ఆవిడకి ఇవ్వబోయాను.

"మేం మోర్మన్లమండీ, క్రైస్తవుల్లోనే ఓ శాఖ. టీ కాఫీలు తాగం," అంది మొహమాటంగా. నేను చెయ్యి వెనక్కి తీసుకోబోతే ఆపింది. "ఏమీ అనుకోకండే! కాసేపు పట్టుకుని ఇచ్చేస్తానండీ. చేతులు కొంకర్లు పోతున్నాయి."

సోమవారం సాయంత్రం ఇంటిల్లిపాదీ కలిసి కూర్చోవడం వాళ్ళ ఆనవాయితీ అట. ఎక్కడున్నా మానరు. ఆవేళ కథ చెప్పడం ఆవిడ వంతు. రెండు ముక్కలు చెప్పేసరికి రెప్పలు వాలిపోతున్నాయి. పిల్లలు కుదిపి లేపుతున్నారు.

ఉన్నట్టుండి పెద్దపిల్ల కప్పు చూసింది. "అమ్మా, టీ తాగుతున్నావా?"

మిగతా నాలుగు తలలూ అటు తిరిగాయి.

"లేదే తల్లీ, చేతులు కాచుకుంటున్నా."

ఆ పిల్ల అనుమానంగానే తన చేతులూ కప్పుకి చుట్టింది. మిగతా నలుగురూ తోసుకుంటూ దూరారు. అన్ని చేతుల మధ్య కప్పు కనిపించకుండా పోయింది. అంత అలసటలోనూ ఆవిడ పకపకా నవ్వింది.

వాళ్ళ బస్సు రాగానే కప్పు నాకిచ్చి, పిల్లల తలలు లెక్కపెట్టుకుంటూ వెళ్ళిపోయింది.

చల్లారిన టీ నేనెప్పుడూ పారబోస్తాను. దాన్ని మాత్రం నా బస్సు వచ్చేదాకా రెండు చేతుల్తో పట్టుకుని కూర్చున్నాను.