పాత డబ్బాలో ఉండిపోయిన అక్షరాలు

ఫిజీ దీవుల్లో బా అనే ఊళ్ళో, చక్కెర మిల్లుకు పోయే రోడ్డు పక్కన, పచ్చ రంగు వేసిన రేకుల ఇల్లు సన్యాసి మాస్టరుది. ఆ ఇంటి కోడలు కామిని. సింగటోకా లోయలో కూరగాయల మళ్ళ మధ్య పుట్టి పెరిగింది. ఎనిమిదో క్లాసుతో చదువు మానేసి, పంతొమ్మిదో ఏట చెరుకు లారీ తోలే కమలేష్‌ను చేసుకుని ఇటు వచ్చింది. మాటకు ముందు నవ్వు, పనికి ముందు కొంగు బిగింపు. వీధిలో ఎవరికి జ్వరం వచ్చినా ఆమె చారు గిన్నె అందరికంటే ముందు చేరేది. అలాంటి మనిషి 2006లో శ్రీరామనవమి వెళ్ళిన నాలుగో రోజు నుంచి నవ్వడం మానేసింది. ఏమైందమ్మా అంటే తలనొప్పి అనేది. నెల రోజులపాటు ఒకే తలనొప్పి ఎవరికైనా ఉంటుందా?

జరిగింది ఇది.

ఫిజీకి స్వతంత్రం వచ్చిన ఏడు సన్యాసి మాస్టరు బళ్ళో తెలుగు చెప్పే పంతులుగా చేరాడు. అప్పట్లో క్లాసుకు ముప్ఫై మంది పిల్లలు. ఇంట్లో హిందీ, బజారులో హిందీ, ఆఫీసులో ఇంగ్లీషు అయిపోయాక ఆ ముప్ఫై పదయ్యారు, పది ముగ్గురయ్యారు, చివరికి బెంచీలే మిగిలాయి. తెలుగు పోయి పోయి దేవుడి గదిలో దాక్కుంది. భజనలో కూర్చోబెడితే అందరూ గొంతెత్తి పాడతారు. అదే పాట రాసి చేతికిస్తే కాగితం తలకిందులుగా పట్టుకున్నా తెలియదు. కామినీ అంతే. ఆమె చూసి గుర్తుపట్టగలిగింది ఒక్క ‘రామ’ను మాత్రమే. గుడి గుమ్మం మీద మాస్టరే ఎర్ర రంగుతో రాసిన రెండక్షరాలవి.

పని చాలించుకున్నాక మాస్టరు చెరుకు తోటల వెంట పడ్డాడు. గిర్మిట్ అనే ఒప్పందం మీద కూలీలుగా ఓడలెక్కి వచ్చినవాళ్ళ కూతుళ్ళు, మనవరాళ్ళు ముసలమ్మలై అక్కడక్కడా ఉన్నారు. వాళ్ళ ముందు చతికిలబడి పెళ్ళిపాటలు, హారతులు, రామభజనలు రాసుకున్నాడు. పడవెక్కి వనువా లేవూ దీవికి పోయి, డ్రెకేటి వరి పొలాల్లో ఉండే బసంతి దగ్గర కూడా రాసుకొచ్చాడు. మొత్తం నూట పన్నెండు పాటలు. నోటు పుస్తకాలకు చెదలు పట్టడం చూసి హడలిపోయి, తొంభై ఎనిమిదిలో ఒక కంప్యూటరు కొన్నాడు. ఇండియా నుంచి వచ్చిన పూజారి ఒకాయన ఫ్లాపీలో తెలుగు అక్షరాలు ఇచ్చాడు. వాటిని అందులో ఎక్కించుకుని, రెండు వేళ్ళతో కోడి గింజలు పొడిచినట్టు పొడుస్తూ ఆరేళ్ళు కొట్టాడు. ప్రతి పాట కిందా పాడినామె పేరు, ఆమె ఊరు.

ఆ ముసలమ్మలు ఒక్కొక్కరే పోయారు. పూజారి తన దేశం వెళ్ళిపోయాడు. నోటు పుస్తకాలు మట్టయ్యాయి. షుగరు జబ్బు ముందు మాస్టరు కళ్ళు రెండూ తినేసి, తర్వాత కిడ్నీల మీద పడింది. ఈ ఏడాది గట్టెక్కడం కష్టమని లౌటోకా డాక్టరు కమలేష్‌ను పక్కకు పిలిచి చెప్పాడు. మాస్టరు అడిగింది ఒక్కటే, నవమి నాటికి పాటల పుస్తకం అచ్చై తన చేతిలో పడాలని.

ఆ కంప్యూటరూ మాస్టరులాగే ఉంది. మీట నొక్కి, అన్నం వండి వారిస్తే అప్పటికి తెర వెలిగేది. లోపలి ఫ్యాను ముసలి ఎద్దులా మూలిగేది. చెరుకు తోటలు కాల్చే రోజుల్లో గాలిలో ఎగిరే నల్ల మసి అంతా దాని కడుపులో గూడు కట్టింది. ఫిబ్రవరిలో రెండుసార్లు నడుమలో ఆగిపోయింది. రెండోసారి మళ్ళీ వెలిగేదాకా కామిని దాని ముందు నిలబడి దండం పెట్టుకుంది. పాటలు దానితోపాటే పోతే?

మాస్టరు పాతదాన్నే బాగు చేయించమన్నాడు. “కప్పు కారితే రేకు మారుస్తాం. ఇల్లు పడగొడతామా? మెమరీ ఒకటి వేయించు, చాలు.”

ఊళ్ళో కంప్యూటర్ల దుకాణం ఓం ప్రకాష్ ఇంకోలా చెప్పాడు. ఆ మెమరీ ఇప్పుడు దొరకదు. దొరికేది వేయాలంటే లోపలి బోర్డు మార్చాలి, బోర్డు మారిస్తే డిస్కు పొసగదు, అన్నీ మార్చాక పాతదంటూ మిగిలేది పై రేకు ఒక్కటే. ఆ ఖర్చుకు కొత్తదే వస్తుంది, పాతది మార్పిడిలో తీసుకుంటాను అన్నాడు. కమలేష్‌ను అడిగితే మీ ఇష్టం అని లారీ ఎక్కాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. మూడు రోజులు తిరిగి తిరిగి కామిని కొత్తదే కొనేసింది. ఓం ప్రకాష్ పాటల ఫైళ్ళన్నీ ఒక్కటీ పోకుండా కొత్తదానిలోకి ఎక్కించి ఇచ్చాడు. తెరిస్తే తెర మీద ఇంగ్లీషు గుర్తుల చెత్త కనపడింది. ఆయన ఇంటర్నెట్ నుంచి ఏవో తెలుగు అక్షరాలు దింపి పెట్టాడు. చెత్తంతా ఒక్కసారిగా గుండ్రటి తెలుగైపోయింది. కామినికి పోయిన ప్రాణం లేచి వచ్చింది. పాత పెట్టెను చేతులారా అక్కడే వదిలేసి ఇంటికి వచ్చింది.

మామగారితో మాత్రం మెమరీ వేయించామనే చెప్పింది. పెద్దాయన మాట కాదన్నానని ఈ వేళలో కష్టపెట్టడం ఎందుకనుకుంది. కీబోర్డు పాతదే ఉంచింది, ఆయన వేళ్ళకు తేడా తెలియకుండా.

“ఏమ్మా, అది మూలగడం లేదే?”

“ఫ్యాను కూడా మార్చినారు మామా.”

“అచ్చా. నా ఫ్యాను కూడా మార్చమను ఆ డాక్టరుని.”

తెర మీద కనపడింది కనపడినట్టే అచ్చు వేయించి, నవమినాడు గుడి హాలులో యాభై పుస్తకాలు పంచారు. జనమంతా కళ్ళకద్దుకున్నారు. మాస్టరుకు పూలదండ వేసి, పుస్తకం ఆయన ఒళ్ళో పెట్టారు. ఆయన పేజీ పేజీ వేళ్ళతో తడిమాడు. పక్కింటి రంగమ్మ ఆ పుస్తకాన్ని పటాల పక్కన పెట్టి, పసుపు రాసి, పూటపూటా కర్పూరం చూపించసాగింది.

నాలుగో రోజు దీపం పెడుతూ కామిని ఊరికే పుస్తకం తెరిచింది. మొదటి పాట ఆమెకు కంఠతా వచ్చు. ప్రతి వరుసా ‘రామ’ అని ముగుస్తుంది. తనకు తెలిసిన రెండక్షరాలు చూసుకుందామని సరదా పుట్టింది. చూసింది. ప్రతి వరుస చివరా ఒకే రెండక్షరాలు ఉన్నాయి. కానీ అవి గుడి గుమ్మం మీదవి కావు.

చెప్పులు కూడా వేసుకోకుండా గుడికి పోయి పుస్తకం ఎత్తి పట్టి పోల్చింది. కావు. పేజీలన్నీ తిప్పింది. గుమ్మం మీది జంట పుస్తకంలో ఎక్కడా లేదు. రామభజనల పుస్తకంలో రాముడు లేడు.

అక్కణ్ణుంచి నేరుగా దుకాణానికి పోయింది. ఓం ప్రకాష్ అంతా విని బల్ల మీద మోచేతులు పెట్టుకుని కూర్చుండిపోయాడు. ఒక్కో తెలుగు ఫాంటులో అదే అక్షరం ఒక్కో మీటకు కట్టి ఉంటుందట. పూజారి ఇచ్చినదానిలో ‘ర’ ఉన్న మీట మీద, ఇందులో వేరే అక్షరం కూర్చుంది. పాటలు పోలేదు. వాటిని సరిగ్గా చూపించే అక్షరాలే పాత డబ్బాలో ఉండిపోయాయి.

“ఆ డబ్బా ఇచ్చెయ్ భయ్యా. మళ్ళీ నేనే కొనుక్కుంటా.”

ఆయన దుకాణం వెనక్కి తీసుకుపోయి చూపించాడు. ఖాళీ రేకు పెట్టె. లోపల ఒక బల్లి. డిస్కు తుడిచేసి ఎప్పుడో ఇంకెవరి మెషీనుకో వేసేశాడు. ఫ్లాపీ సంగతి అడిగితే ఏం చెబుతుంది, దాన్ని ఎలకలు కొరికి ఎన్నాళ్ళయిందో. ఆయన పాపం ఇంటర్నెట్లో దొరికిన ఫాంటులన్నీ వేసి చూశాడు. ఐదు వేస్తే ఐదు రకాల పిచ్చిరాతలు వచ్చాయి. ఆమె పోయేముందు మెల్లగా అడిగాడు.

“బహినీ, అచ్చేసేముందు చదివి చూసేవాళ్ళే లేరా మీలో?”

గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే.

కమలేష్‌కు చెబితే ఊరుకో అన్నాడు. “చదివేవాడే లేనప్పుడు తప్పు ఎవరికి కనపడుద్ది? నాయన సంతోషంగా ఉన్నాడు. అట్లానే పోనీ.”

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అందుకే కామినికి నిద్ర పట్టలేదు. యాభై ఇళ్ళలో యాభై పిచ్చిరాతలకు పసుపూ కుంకుమా. రంగమ్మ కర్పూరం వాసన కిటికీలోంచి వస్తే అన్నం సహించేది కాదు. మామగారు రోజురోజుకూ నీరు పట్టి ఉబ్బుతున్నారు. చెబితే ఆ మాటే ఆయన ప్రాణం తీస్తుంది. చెప్పకపోతే, సరిదిద్దగల ఒక్క మనిషీ వెళ్ళిపోతాడు. చెబుదామని మంచం దాకా పోయి, మందు ఇచ్చి, తిరిగి వచ్చేసేది.

మే నెలలో ఒక ఆదివారం మాస్టరు తన మనవరాలిని, కామిని కూతురు శోభనను పిలిచాడు. పన్నెండేళ్ళ పిల్ల. పుస్తకం వచ్చింది కదా, ఇక నీకు తెలుగు నేర్పుతానన్నాడు. ఆయనకు కళ్ళు లేవు, పిల్లకు అక్షరాలు రావు. ఆయనే ఉపాయం చెప్పాడు. మొదటి పాట మొదటి అక్షరం మీద వేలు పెట్టు, అది ఎలా ఉందో చెప్పు, అదేమిటో నేను చెబుతాను.

“గుండ్రంగా ఉంది తాతా. పైన కొక్కెం. పొట్టలో చుక్క.”

“కాదు. సరిగ్గా చూడు.”

“చుక్క ఉంది తాతా, నిజంగా.”

“అక్కడ చుక్క ఉండదు. పాతికేళ్ళు చెప్పినా ఈ పాఠం. తాతకు కనపడదని ఆటలాడతావా?”

పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వంటింటి గుమ్మంలో నిలబడ్డ కామిని చేతిలో గరిటె అట్లాగే ఉంది.

“పిల్ల తప్పు చెప్పలే మామా,” అంది. “పుస్తకమే తప్పు.”

నేల మీద కూర్చుని అంతా చెప్పేసింది. మెమరీ వేయించలేదని, కొత్తది కొన్నామని, పాత డబ్బా ఖాళీ రేకయిందని, నవమినాడు పంచిన యాభైలో ఒక్క ముక్కకూ అర్థం లేదని. మాస్టరు ఒళ్ళోని పుస్తకం తీసి మంచం పక్కన పెట్టాడు.

“కళ్ళు పోయింది నాకు కదమ్మా,” అన్నాడు. “మీ అందరికీ ఏమొచ్చింది?”

అంతే. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ పూట తినలేదు, మర్నాడూ తినలేదు. కమలేష్ పెళ్ళాంతో మాట్లాడటం మానేశాడు. పొలాలకు కొట్టే మందు డబ్బా ఉన్న కొట్టం గుమ్మం దగ్గర ఆ సాయంత్రం కామిని కాసేపు నిలబడింది. శోభన వచ్చి చెయ్యి పట్టుకుని ఇంట్లోకి లాక్కుపోయింది. ఆ సంగతి ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు, చాలా ఏళ్ళ దాకా.

మూడో రోజు పొద్దున్నే మాస్టరు గొంతు వినపడింది. “కామిని. కాగితం, పెన్సిలు.”

మొదటి పాట ఆయనకు నోటికి వచ్చు. అందులో మొదటి అక్షరం ‘ప’. పుస్తకంలో అక్కడ పొట్టలో చుక్క ఉన్న గుండ్రం ఉంది. అంటే పుస్తకం నిండా ఆ చుక్క గుండ్రం ఎక్కడ కనపడినా అది ‘ప’ అన్నమాట. ఆయన గుర్తున్న పాటలు పాడుతుంటే, కామిని అచ్చులో ఉన్న తప్పుడు అక్షరం పక్కన అసలుది రాసుకోవాలి. అసలుది ఎలా రాయాలో ఆమె అరచేతిలో వేలితో గీసి చూపించాడు. నీరు పట్టిన వేలు. గుర్తున్న పాటల నుంచి తాళంచెవి చేసుకుంటే, మరచిపోయిన పాటల తలుపు తీయొచ్చు.

ఆయనకు గుర్తున్నవి ఇరవై ఎనిమిది. తక్కిన ఎనభై నాలుగూ ఎప్పుడో జారిపోయాయి.

దాంతో పరుగు మొదలైంది. వంట, వార్పు, మందులు, మధ్యలో అక్షరాలు. ఒక్కోరోజు రెండు వరుసలు కూడా సాగేవి కావు. ఆయన పాడుతూ పాడుతూ సొమ్మసిల్లేవాడు. లేచి, ఎక్కడున్నాం అనేవాడు. ఒకసారి ఆమె తప్పు గీస్తే చేతిని విదిలించి కొట్టాడు. ఒకసారి ఆమె తొందరపెడితే, “చచ్చేవాణ్ణి నేను, కంగారు నీకా?” అని నవ్వాడు. ఇరవై ఎనిమిదో పాట ముగిసేసరికి జూన్ దాటింది. మిల్లు మొదలైంది, రోడ్డు మీద చెరుకు లారీలు బారులు తీరాయి.

ఆయనను లౌటోకా ఆసుపత్రిలో చేర్చాక కామిని రోజూ బస్సులో పుస్తకం, కాగితాలు పట్టుకుని పోయేది. అక్కడే మొదటిసారి ఆయన మరచిపోయిన పాటను తాళంచెవితో కూడబలుక్కుంటూ చదివింది. ఒక్కో అక్షరం ఆగి ఆగి. కింద పేరు కూడా చదివింది. “బ... సం... తి. డ్రెకేటి.”

“ఈ పాట నేను రాసినట్టే గుర్తు లేదు,” అన్నాడు మాస్టరు. “మళ్ళీ చదువు.”

మళ్ళీ చదివింది. ఆయన ఇంకో పదకొండు రోజులు బతికాడు. ఆ పదకొండు రోజుల్లో తొమ్మిది పాటలయ్యాయి.

తక్కినవి కామిని ఒక్కతే చేసుకుంది. రెండేళ్ళు పట్టింది. మాస్టరుకు గుర్తున్న పాటల్లో ఎక్కడా రాని గుర్తులు ఆరు మిగిలిపోయాయి. అవి ఏ అక్షరాలో ఆయన చెప్పి పోలేదు, ఎలా అడగాలో ఆమెకూ తట్టలేదు. కొన్నిచోట్ల రంగమ్మ, ఆ మాట ఇదై ఉండాలే అని ఊహించి చెప్పింది. ఊహ అందని చోట కామిని ఖాళీ వదిలేసింది. తోచింది రాసి పూరించమని కమలేష్ అంటే ఒప్పుకోలేదు. ఒకసారి తెలియకుండా చేశాను చాలు అంది.

శనివారం భజనలో ఇప్పుడు ఆ పాటలు ఆమే చదివి చెబుతుంది, ఆడవాళ్ళు అందుకుంటారు. ఖాళీ వచ్చినచోట ఆమె ఊపిరి తీసుకుని ఆగుతుంది. వాళ్ళూ ఆగుతారు. పాట అంతేననుకుని చిన్నపిల్లలు కూడా అక్కడ ఆగి, తాళం మాత్రం వేసి, ముందుకు పోతున్నారు.