కరుణమ్మ టీచర్ మిషనుకు నేనేసిన రంగు

పాత కుట్టుమిషను బాగుచేస్తానని బయలుదేరి, ఒక పెద్దావిడ ఇంటిని ఊరేగింపు దారిలో నిలబెట్టి, తన సామాను తనే సర్దుకున్న తెలివైనవాడు తార్నాకలో నాకు తెలిసి ఒక్కడే. అతన్ని చూడాలంటే నేను అద్దం ముందుకు వెళ్ళాలి. జరిగింది చెబుతాను, నవ్వొస్తే మొహమాటపడకండి. నాకే ఇన్నేళ్ళకు కొంచెం కొంచెంగా నవ్వు వస్తోంది.

అప్పట్లో నేను క్యాంపస్‌లో రీసెర్చి స్కాలర్‌ని. రీసెర్చి పేరుకే, ప్రాణమంతా పాత కుట్టుమిషన్ల మీద ఉండేది. పాత సామాను అమ్మే జుమ్మెరాత్ బజార్‌లో తుప్పు పట్టిన మిషను కనబడితే చాలు, మెస్ బిల్లు సంగతి మరిచిపోయి దాన్ని భుజాన వేసుకుని వచ్చేవాణ్ణి. కిరోసిన్‌లో నానబెట్టడం, తుప్పు గీకడం, నల్లరంగు వేసి తళతళా మెరిపించడం, గోడవారన వరసగా పెట్టుకోవడం. మా గైడు గారు "థీసిస్ ఎంతవరకు వచ్చిందయ్యా" అంటే, "చక్రం తిరుగుతోంది సార్, కుట్టే పడటం లేదు" అని చెప్పి చీవాట్లు తిన్నాను. ఒకసారి ఊరి నుంచి మా నాయన వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. "ఏందిరా యాదగిరి, పీహెచ్‌డీ అంటివి, గిదేమో దర్జీ దుకాణం లెక్క ఉన్నది" అని, కూర్చోవడానికి చోటు లేక నిలబడే చాయ తాగి వెళ్ళాడు.

నేనుండే గది కరుణమ్మ టీచర్ గారి మేడ మీద. ఆవిడది గుడివాడ వైపు. భర్త ఉద్యోగం వెంట వచ్చి, ఇక్కడి బడిలోనే పాఠాలు చెప్పి రిటైరయ్యారు. భర్త పోయారు, పిల్లలు లేరు. కింద వరండాలో ఆవిడకో తొక్కుడు మిషను ఉండేది, వాళ్ళమ్మగారు వాడినది. చర్చి పిల్లల గౌన్లు, ఇరుగుపొరుగు జాకెట్లు, నా చిరిగిన ప్యాంట్లు అన్నిటికీ అదే దిక్కు. పొద్దున్నే దాని చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. ఆదివారం చర్చి నుంచి రాగానే మెట్ల కింద నిలబడి, "యాదగిరీ, దిగిరావయ్యా, కూర చల్లారిపోతోంది" అని కేకేసేవారు. మా అమ్మ తర్వాత నన్ను పేరు పెట్టి అన్నానికి పిలిచిన మనిషి ఆవిడే.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. ఇవాళ ర్యాలీ, రేపు బంద్, ఎల్లుండి రెండూ. నేనూ వెళ్ళేవాణ్ణి, గొంతు పోయేదాకా నినాదాలు ఇచ్చేవాణ్ణి. ఇంటికొచ్చి సైగలు చేస్తుంటే టీచరమ్మ మిరియాల కషాయం చేతిలో పెట్టి, "మీ రాష్ట్రం వచ్చేలోగా నీ గొంతు రావాలి కదయ్యా, తాగు" అనేవారు. గుడివాడ నుంచి వాళ్ళ తమ్ముడు మాత్రం రోజూ ఫోన్ చేసేవాడు. "అక్కా, ఇంకా అక్కడెందుకు, వచ్చెయ్" అని. ఆవిడ నవ్వి పెట్టేసేవారు.

అంతలో మిషను బిగుసుకుపోయింది. చక్రం కదల్లేదు. ఆ సాయంత్రం టీచరమ్మ దాని ముందు ఉత్త చేతులతో కూర్చుని అన్నారు. "ఇది తిరిగినన్నాళ్ళూ నాకిక్కడ పనుందనుకున్నాను. ఇక తమ్ముడి మాట వినేస్తే సరిపోతుందేమో."

"మరి మిషను గీడనే ఇడిసిపోతరా టీచరమ్మా?"

"భలేవాడివే. మా అమ్మని వదిలేసి వెళ్తానా?"

పొద్దున రోడ్డు మీద మా రాష్ట్రం మాకు కావాలని అరిచినవాణ్ణి, సాయంత్రం మెట్ల మీద కూర్చుని ఈవిడ వెళ్ళకూడదు దేవుడా అని మొక్కుకున్నాను. రెండూ మనస్ఫూర్తిగానే చేశాను. ఎలా కుదురుతుందని అడక్కండి, అప్పుడు తార్నాకలో చాలామంది పరిస్థితి అదే.

ఆ వారంలోనే టీచరమ్మ ప్రార్థన కూటాలకని రామంతాపూర్‌లో స్నేహితురాలింటికి వెళుతూ, మల్లెమొక్కకు నీళ్ళు పోయమని తాళం చెవి నాకిచ్చారు. తాళం చెవి చేతిలో పడగానే నాకు మహత్తరమైన ఆలోచన వచ్చింది. ఆవిడ వచ్చేసరికి మిషను బాగైపోవాలి. చక్రం తిరిగితే పని ఉంటుంది, పని ఉంటే ఆవిడ ఉంటారు. ఇంత చక్కటి తర్కం నా థీసిస్‌లో ఒక్క పేజీలో కూడా లేదు.

తీరా విప్పి చూస్తే జబ్బు చిన్నదే. అడుగున దారప్పోగులు చిక్కుకుని, పాత నూనె జిగురులా గడ్డకట్టింది. కిరోసిన్‌తో కడిగి, కొత్త నూనె వేస్తే చక్రం హాయిగా తిరిగింది. అక్కడితో చేతులు కడుక్కుని లేచి ఉంటే ఈ కథే లేదు. కానీ నా చేతులకు దురద. మిషను మీద బంగారు రంగు పువ్వులు సగం చెరిగిపోయి ఉన్నాయి. సూదికి ఎడమ పక్కన అరచెయ్యంత మేర నలుపు పూర్తిగా పోయి, ఇనుము బయటపడి నున్నగా మెరుస్తోంది. మిగతా అంతా బాగానే ఉంది, ఈ మచ్చ ఒక్కటీ తీసేస్తే కొత్త పెళ్ళికూతురే అనుకున్నాను. మచ్చ తీయాలంటే చుట్టూ సమం చేయాలి, చుట్టూ సమం చేస్తే పువ్వులు పోతాయి, పువ్వులు పోయాక ఉన్న నలుపు మాత్రం ఎందుకు. గరుకు కాగితం పట్టుకుని కూర్చున్నవాణ్ణి, లేచేసరికి మిషను ఈకలు పీకిన కోడిలా ఉంది.

ఇక నల్లరంగు పూయాలి. బజారుకు వెళితే బంద్. తార్నాక మూసేశారు, లాలాపేట మూసేశారు, నడుచుకుంటూ కాచిగూడ దాకా పోయినా ఒక్క షట్టరూ లేవలేదు. ఆ బంద్‌కు పొద్దున జై కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి తిట్టుకోవడానికి కూడా వీల్లేదు. పైన మబ్బు పట్టింది. చినుకు పడితే ఒట్టి ఇనుము తెల్లారేసరికి తుప్పెక్కుతుంది. పరుగున హాస్టల్‌కు పోయి శ్రీశైలాన్ని పట్టుకున్నాను. వాడు నా దోస్తు, ఉద్యమం బ్యానర్లు, గోడరాతలు అన్నీ వాడి చేతివే.

"శ్రీశైలం, నల్లరంగు ఉన్నదారా?"

"ఏడున్నది? మొత్తం గోడల మీదనే ఉన్నది, పోయి చూస్కో. గులాబీ రంగైతే డబ్బ నిండ ఉన్నది."

"కుట్టుమిషనుకు గులాబీ ఏందిరా?"

"ఎందుకు, మిషను మాత్రం తెలంగాణల లేదా?"

"మా టీచరమ్మదిరా. గుడివాడామె."

"మరింక మంచిగైంది. మనల కలుపుకున్నట్లు అయితది. తీస్కపో."

గులాబీ అంటే అప్పుడు ఒట్టి రంగు కాదు. ఉద్యమం జెండాలు గులాబీ, మెడలో కండువాలు గులాబీ, చల్లుకునే పొడి గులాబీ. అది నాకు తెలియదా? తెలుసు. కానీ అడుగు పూతే కదా, బంద్ ఎత్తేయగానే పైన నలుపు వేస్తే ఎవరికి కనబడుతుందని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ధారాళంగా రెండు పూతలు వేసి, పొద్దున ఎండ తగలాలని మిషను తలకాయను స్టాండు నుంచి విడదీసి వీధి వైపు గోడ మీద ఆరబెట్టి, పక్కనే కునుకు తీశాను.

నినాదాలకు మెలకువ వచ్చింది. మా వీధిలోంచి పోతున్న ర్యాలీ టీచరమ్మ గేటు ముందు ఆగి ఉంది. గోడ మీద గులాబీ కుట్టుమిషను ఎండలో ధగధగలాడుతోంది. ఎవరో గేటుకు జెండా కట్టేశారు. శ్రీశైలం గులాబీ గుడ్డ మూటతో లోపలికి వచ్చి, "మిషను తయారైనట్లుంది కదరా, మేడం జెండలు కుట్టిస్తదా?" అన్నాడు. "కుట్టియ్యదు, నువ్వు ముందుగాల వాళ్ళను పంపియ్యి" అని నేను కాళ్ళావేళ్ళా పడుతుంటే, వెనక నుంచి గుంపు అందుకుంది. "కరుణమ్మ మేడం, జిందాబాద్."

సరిగ్గా అప్పుడే గుంపును తప్పించుకుంటూ ఆటో వచ్చి ఆగింది. చేతిలో బైబిలు, భుజాన సంచీతో జిందాబాద్ గారే దిగారు.

నినాదాలు ఆగిపోయాయి. ఆవిడ జెండా చూశారు, గుంపు చూశారు, నన్ను చూశారు. తిన్నగా మిషను దగ్గరికి వెళ్ళి, సూదికి ఎడమ పక్కన అరచెయ్యి ఆనించి దేనికోసమో తడిమారు. ఆరని రంగు చేతికంతా అంటుకుంది.

"టీచరమ్మా, గిది అడుగు పూతనే. బంద్ అయిపోంగనే నలుపేస్త."

"రంగు గురించి కాదయ్యా. ఇక్కడ నున్నగా ఓ చోటుండాలి. మా అమ్మ గుడ్డ జరుపుతూ జరుపుతూ చెయ్యానించిన చోటు. ఆవిడ పోయాక నేనూ అక్కడే ఆనించుకునేదాన్ని. ఏం చేశావు దాన్ని?"

"గీకేసిన టీచరమ్మా."

ఆ మాట నాకే సరిగా వినబడలేదు. అంతమంది మధ్య అరిచే గొంతు ఎటు పోయిందో తెలియదు. ఆవిడ లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. నేనూ శ్రీశైలం మిషను దింపి స్టాండు మీద పెట్టాం. గుంపు చప్పుడు చేయకుండా వెళ్ళిపోయింది, శ్రీశైలం మూట మరిచిపోయి మరీ పారిపోయాడు. నేను పైకి పోయి సంచీ సర్దుకున్నాను. ఆవిణ్ణి ఉంచడానికి బయలుదేరి నేనే పోవాల్సి వచ్చింది, అది సబబే అనిపించింది. ఆవిడ ముఖం చూసే ధైర్యం లేక సాయంత్రం దాకా మంచం అంచునే కూర్చుని ఏడ్చాను.

చీకటి పడే వేళకు కింద చక్రం తిరిగిన చప్పుడైంది. సంచీ పట్టుకునే కిందికి దిగాను. టీచరమ్మ మిషను తొక్కుతున్నారు, సూది కింద శ్రీశైలం వదిలిపోయిన గులాబీ గుడ్డ, పక్కన గేటు నుంచి విప్పి తెచ్చిన జెండా.

"ఎవరయ్యా దీన్ని కత్తిరించింది? అంచు మడిచి కుట్టకపోతే గాలికి పోగులు లేచిపోతాయి. జెండా ఎవరిదైనా కానీ, నా గేటుకు పోగులు వేలాడుతుంటే నేను చూడలేను."

"టీచరమ్మా, గుడివాడకు ఎప్పుడు పోతున్నరు?"

ఆవిడ తొక్కడం ఆపారు. మిషను వంక, రంగంటిన తన చేతి వంక చూసుకున్నారు.

"ఎలా వెళ్ళనయ్యా? అమ్మని వదిలి వెళ్ళలేను. నువ్వేమో మా అమ్మకి గులాబీ చీర కట్టావు. ఈ వాలకంతో బస్సు దిగితే మా తమ్ముడు మమ్మల్నిద్దర్నీ గుమ్మం ఎక్కనిస్తాడా?" అని, నా సంచీ చూసి, "అది పైన పెట్టిరా. అన్నం తిందువుగాని" అన్నారు.

ఆ తర్వాత నల్లరంగు తెచ్చాను. "దానిమీద ఇంకోసారి చెయ్యి వేశావంటే స్కేలు తీస్తాను" అన్నారు. రాష్ట్రం వచ్చింది, ఆవిడ ఇక్కడే ఉన్నారు, పొద్దున్నే ఆ చప్పుడుకే నాకు మెలకువ రావడమూ ఆగలేదు. నేనేసిన రంగు గొప్పతనమేమో, వాళ్ళమ్మగారికి ఒక జీవితం పట్టిన అరుగుదల ఈవిడకు కొన్నాళ్ళకే వచ్చేసింది. సూదికి ఎడమ పక్కన అరచెయ్యంత మేర గులాబీ పోయి, ఇనుము మళ్ళీ నున్నగా మెరిసింది. "దొరికింది చూడవయ్యా" అని నాకు చూపించి మరీ మురిసిపోయారు.

టీచరమ్మ కన్నుమూసి చాలా ఏళ్ళైంది. మిషను నాకే ఇచ్చి వెళ్ళారు. పాత మిషన్లు సేకరించేవాళ్ళు వచ్చి, దీనికి మంచి నలుపు వేయిస్తే ఎంత బాగుంటుందో అంటారు. వాళ్ళకు చాయ ఇచ్చి పంపేస్తాను. రోజూ నూనె వేసి చక్రం తిప్పుతాను, ఆ చోట చెయ్యి మాత్రం ఆనించను. ఇప్పటికీ కొన్ని ఆదివారాలు మధ్యాహ్నం పూట మెట్ల వైపు చెవి పోతుంది, ఎవరూ పిలవరు.

కాబట్టి ఇందుమూలంగా మిషను సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఒకరి చెయ్యి అరగదీసిన చోటును ఇక జన్మలో గరుకు కాగితంతో ముట్టను. బంద్ రోజున బ్రష్షు పట్టను. శ్రీశైలం ఇచ్చిన డబ్బా అడుగున కాస్త గులాబీ మిగిలితే అటక మీద దాచాను, అది వేరే సంగతి. ఎవరైనా ఊరు వదిలి వెళతానంటే ఒకసారి పనిచేసిన మందు కదా అని. టీచరమ్మ ఆఖరిసారి వెళ్ళేటప్పుడు మాత్రం దించి చూశాను, ఎండిపోయి ఉంది.